పెద్దాయన పేరు మీద వచ్చిన ఉత్తరం

నేను చేసే ఉద్యోగమేమిటో చెబితే జనం నవ్వుతారు. ఏ దేశంలో ఇప్పుడు టైమెంతో రాసిపెట్టడం నా పని. "దానికో ఉద్యోగం ఎందుకమ్మా, గోడకేసి చూస్తే సరిపోదూ?" అని మా ఇంటి ఓనరు పదేళ్ళ నుంచీ అదే జోకు వేస్తున్నాడు. ఆయన చేతిలో ఉన్న ఫోను గోడకేసి చూడదని ఆయనకు తెలియదు. అది మా పట్టికను చూస్తుంది.

పట్టిక సంగతి ఇది. తన దేశంలో గడియారాలు ఎలా నడవాలో చెప్పే హక్కు ప్రతి ప్రభుత్వానికీ ఉంది. ఒకరు వేసవిలో గంట ముందుకు జరుపుతారు. ఒకరు ఇకమీదట జరపబోమంటారు. ఇంకొకరు ఎన్నికల ముందు జరిపి, గెలిచాక మనసు మార్చుకుంటారు. ఇవన్నీ ఒకచోట రాసి ఉంచేదే మా పట్టిక. ఫోన్లు, రైళ్ళు, ఆసుపత్రుల్లో యంత్రాలు అన్నీ దాన్నే తెచ్చుకుని చదువుకుంటాయి. అయితే మేం ఇవాళ రాసింది రేపటికల్లా అందరికీ అందదు. కొన్ని యంత్రాలకు వారం పడుతుంది. ఎక్కడో కొండల్లో పడి ఉన్న పాత యంత్రానికైతే నెలకోసారి మనిషి వెళ్ళి ఎక్కిస్తేగానీ అందదు. అందుకే మేం ప్రభుత్వాలను బతిమాలుకునేది ఒక్కటే. మార్చుకోండి, మీ ఇష్టం, కానీ కాస్త ముందుగా మాకో ముక్క చెప్పండి.

చెప్పరు. పెళ్ళికి నెల ముందు శుభలేఖలు వేయించుకునే మనుషులే, మంత్రులయ్యాక దేశం మొత్తానికీ టైము మార్చేసి రెండు రోజుల ముందు పేపర్లో వేయిస్తారు. మేం ఏ దేశం పేపర్లో ఏం పడిందా అని పొద్దున్నే కళ్ళు కాయలు కాచేలా వెతుక్కుంటూ కూర్చోవాలి. ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్నది అదే.

మా ఆఫీసు సర్వే శాఖ వాళ్ళ పాత భవనంలో మూడో అంతస్తు. రెండు గదులు, నాలుగు బల్లలు, ఒక ఇనప బీరువా. గోడకున్న ఒకే ఒక్క గడియారం ఐదు నిమిషాలు వెనక నడుస్తుంది. దాన్ని ఎవరూ సరిచేయరు. మా తమ్ముడు చూడడానికి వచ్చినప్పుడల్లా దాన్ని చూసి పడీపడీ నవ్వేవాడు. "లోకానికంతా టైము చెప్తావు కదక్కా, ఏ ఒక్క పెళ్ళికైనా తాళి కట్టేలోపు వచ్చావా నువ్వు?" అనేవాడు.

వాడు పోయి తొమ్మిదేళ్ళయింది.

వాడిది సరిహద్దు అవతల దేశంలో ఉద్యోగం. నదిలో నీటి మట్టం కొలిచి రాసుకోవడం. ఆనకట్టకు దిగువన, నది మధ్యలో, కొలగీతలు చెక్కిన రాయి ఒకటుంది. నీళ్ళు తగ్గినప్పుడు రాళ్ళ మీదుగా నడిచి వెళ్ళి, ఆ గీతల దగ్గర వంగి చూసి రావాలి. రోజూ మూడింటికి దిగేవాడు. మూడున్నరకల్లా ఒడ్డున ఉండేవాడు. నాలుగింటికి ఆనకట్ట గేటు తెరుచుకునేది. గేటును మనుషులు తెరవరు, యంత్రమే టైము చూసుకుని తెరుస్తుంది.

ఆ ఏడాది ఆ దేశం గడియారాలను శాశ్వతంగా గంట వెనక్కి జరిపింది. ఒకటో తారీఖు నుంచి అమలు. పేపర్లో పడింది సరిగ్గా రెండు రోజుల ముందు. చదివిన గంటలోపే నేను పట్టికలో ఎక్కించాను. ఏం లాభం? ఆనకట్ట యంత్రానికి మనిషి వచ్చి పట్టిక ఎక్కించేది నెలలో పదిహేనో తారీఖున. అక్కడి ఆపరేటరు గోడ గడియారం తిప్పి, యంత్రం దానంతటదే మార్చుకుంటుందిలే అనుకున్నాడు. ఒకటో తారీఖున ఊరంతటికీ మూడయినప్పుడు యంత్రానికి మాత్రం ఇంకా పాత లెక్కన నాలుగు. మా తమ్ముడు కొత్త టైము ప్రకారం మూడింటికి నదిలోకి దిగాడు. గేటు తెరుచుకుంది. సైరన్ మోగింది. పరిగెత్తాడు కూడానట. రాళ్ళ మీద అడుగు చూసి అడుగు వేయాలి, ఎంతని పరిగెత్తుతాడు!

శవాన్ని చూసిన రోజు నేను ఏడవలేదు. నాకు కోపం వచ్చింది. ఆ కోపమే తొమ్మిదేళ్ళు నన్ను నడిపింది. లోకంలో ఉన్న ప్రతి ప్రభుత్వానికీ ఉత్తరం రాశాను. సభలు పెట్టించాను. టైము మార్చాలనుకుంటే తొంభై రోజుల ముందు మాకు చెప్పి తీరాలనే ఒప్పందం ఒకటి నా చేత్తో రాశాను. ప్రతి సభలో ఒకే వాక్యంతో మొదలుపెట్టేదాన్ని. "మా తమ్ముడి చేతి గడియారం సరిగ్గానే ఉంది." ఆ మాట అనగానే హాలు చల్లబడేది. పేపర్లవాళ్ళు దాన్నే పెద్ద అక్షరాల్లో వేసేవాళ్ళు. ఆ వాక్యం నాకు బాగా కలిసొచ్చిందని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మొన్న జరిగింది నాలుగో సభ. మా ఊళ్ళోనే, మా ఆఫీసుకు రెండు వీధుల అవతల హాల్లో. నలభై దేశాల వాళ్ళు వచ్చారు. ఒప్పందం మీద సంతకాలు పడాలి, పడతాయనే అందరూ అన్నారు, ఒక్క ఆ దేశం తప్ప. ఆ దేశం తరఫున ప్రతిసారీ వచ్చేది ఒకే మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. హాల్లో ఏసీ పడదో ఏమో ఎప్పుడూ మెడకు మఫ్లరు. నేను మనసులో మఫ్లరాయన అని పిలుచుకునేదాన్ని. ఎన్నడూ నోరు విప్పడు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, చివర్లో "మా ప్రభుత్వాన్ని అడిగి చెప్తాం" అంటాడు. మూడు సభలుగా అదే మాట. ఆ మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆ పొద్దున కూడా నా వాక్యంతోనే మొదలుపెట్టాను. అక్కడితో ఆగలేదు. "ఆ రెండు రోజుల నోటీసు ఇచ్చినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. మెడకు మఫ్లరు చుట్టుకుని వెచ్చగా కూర్చున్నారు. మా వాడు చలినీళ్ళలో పోయాడు" అన్నాను. అందరూ అతనివైపు తిరిగారు. అతను తల వంచుకున్నాడు. నాకు తృప్తిగా అనిపించింది. ఉన్న మాట చెబుతున్నాను.

టీ కోసం విడిచిపెట్టినప్పుడు అతను నా దగ్గరికి వచ్చాడు. "ఒక్క నిమిషం మాట్లాడొచ్చా అమ్మా?" అన్నాడు.

"మీ ప్రభుత్వాన్ని అడిగి వచ్చారా?" అన్నాను.

ఆ మాటను అతను పట్టించుకోలేదు. కిటికీ పక్కకు తీసుకెళ్ళి, గొంతు తగ్గించి చెప్పాడు. "వచ్చే నెల నేను రిటైరవుతున్నాను. ఇన్నాళ్ళూ చెప్పుకోలేకపోయాను. రెండు రోజుల ముందు పేపర్లో వేసింది మా మంత్రులు. నిజమే. కానీ నేను మీకు నలభై నాలుగు రోజుల ముందే రాశాను."

"ఎవరికి రాశారు?"

"మీ ఆఫీసుకే. టైము మార్పు ఫైలు తయారు చేసింది నేను. ప్రకటన చివరిదాకా బయటికి రానివ్వకూడదని పైనుంచి ఆర్డరు. బయటపెడితే ఉద్యోగం పోవడమే కాదు, జైలు కూడా. అయినా మనసు ఒప్పుకోలేదు. మీ పట్టికకు ఎంత టైము పడుతుందో నాకు తెలుసు. అందుకే మీ ఆఫీసు పెద్దాయన పేరు మీద రాశాను. పేరు మీద వచ్చిన ఉత్తరాన్ని ఆయన తప్ప ఎవరూ తెరవరని అందరూ చెప్పుకునేవాళ్ళు. గుట్టుగా ఉంటుందనుకున్నాను."

నా చేతిలో బిస్కెట్టు ఉంది. దాన్ని ఏం చేయాలో తోచలేదు.

"జవాబు రాలేదు. మళ్ళీ రాద్దామనుకున్నాను. భయమేసింది. మొదటిది రాసినందుకే మూడు రోజులు నిద్రపట్టలేదు నాకు. మీకు అందలేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అందలేదు కదూ?" అన్నాడు. నా జవాబు కోసం నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"చూసి చెప్తాను" అని మాత్రం అని, హాల్లోంచి బయటపడ్డాను. ఎక్కడ చూడాలో నాకు తెలుసు.

పెద్దాయన గురించి చెప్పాలి. ఈ పట్టికను మొదలుపెట్టింది ఆయనే. ముప్ఫై ఏళ్ళు ఒంటిచేత్తో నడిపారు. లోకంలో ఎక్కడెక్కడి వాళ్ళూ ఆఫీసు పేరు మీద కాకుండా ఆయన పేరు మీదే రాసేవాళ్ళు. నేను చేరిన కొత్తలో ఉత్సాహం కొద్దీ అలాంటి కవరు ఒకటి తెరిచాను. ఆయన కేకలు వేయలేదు. కవరును జిగురుతో మళ్ళీ అంటించి, తన బల్ల మీద పెట్టుకుని, అప్పుడు తన చేత్తో తెరుచుకున్నారు. "పేరు రాసి ఉన్న కవరు తెరవడమంటే ఆ మనిషి జేబులో చెయ్యి పెట్టడమేనమ్మా" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత నేను గానీ ఇంకెవరు గానీ ఆ పని చేయలేదు. అది మా ఆఫీసులో ఆచారమైపోయింది.

ఆయనకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డది ఆ ఏడాదే. నాలుగు నెలలు ఉన్నారు. ఆ నాలుగు నెలల్లో ఆయన పేరు మీద వచ్చిన ఉత్తరాలన్నీ నేనే ఎర్ర నాడాతో కట్టి, బీరువాలో పై అరలో పెట్టాను. కోలుకుని వస్తారు, వచ్చి చూసుకుంటారు అనుకున్నాను. ఆయన రాలేదు. మా తమ్ముడు పోయిన పదిరోజులకు ఆయనా పోయారు. ఇంట్లోవాళ్ళను అడిగితే, "మీ దగ్గరే ఉండనివ్వమ్మా" అన్నారు. ఉండనిచ్చాను. ప్రతి శనివారం బీరువా తుడిచేటప్పుడు ఆ కట్ట దించి, దుమ్ము దులిపి, మళ్ళీ అక్కడే పెట్టేదాన్ని. అదొక గౌరవం అనుకున్నాను. తొమ్మిదేళ్ళలో ఎన్ని శనివారాలో లెక్క వేసుకోండి.

ఆఫీసుకు వెళ్ళేసరికి ఎవరూ లేరు, అందరూ సభలోనే ఉన్నారు. కట్ట దించాను. ముడి బిగుసుకుపోయింది, గోళ్ళతో రాలేదు. కత్తెరతో కత్తిరించాను. ఇరవై మూడు కవర్లు. పైనుంచి ఐదోదాని మీద ఆ దేశం స్టాంపు ఉంది. పెద్దాయన పేరు గుండ్రటి చేతిరాతలో ఉంది. దాని మీద మా ఆఫీసు తేదీ ముద్ర, ముద్ర పక్కన నా పొడి అక్షరాలు. అందుకున్నది నేనే. మా తమ్ముడు పోవడానికి ముప్ఫై తొమ్మిది రోజుల ముందు.

తెరిచాను. పది లైన్లు కూడా లేవు. "అయ్యా, ఇది ఇంకా బయటికి రాని సంగతి. వచ్చే నెల దాటాక ఒకటో తారీఖు నుంచి మా దేశంలో గడియారాలు శాశ్వతంగా గంట వెనక్కి వెళ్తాయి. ప్రకటన చివరి రోజుల్లోగానీ రాదు. మీ పట్టికకు వ్యవధి చాలాలని మీకు మాత్రం తెలియజేస్తున్నాను. నా పేరు ఎక్కడా రానివ్వకండి." సంతకం లేదు.

ముప్ఫై తొమ్మిది రోజులు. ఆ మధ్యలో ఒక పదిహేనో తారీఖు ఉంది. ఆ రోజు ఆనకట్టకు మనిషి వెళ్ళాడు, యంత్రానికి పట్టిక ఎక్కించాడు. ఆ పట్టికలో ఈ ముక్క లేదు. నేను నాడా బిగించి కట్టిన పాపానికి లేదు.

ఆ బల్ల దగ్గర కూర్చున్న పది నిమిషాల్లో నేను మంచిదాన్ని కాను. ఆ సంగతి దాచను. కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే అడిగేవాళ్ళు లేరనుకున్నాను. మఫ్లరాయన ఒక్కడికి తెలుసు, అతను ఎవరికీ చెప్పుకోలేడు. "అందలేదు" అని ఒక్క మాట అంటే అతనికీ నిమ్మళం, నాకూ నిమ్మళం. ఒప్పందం నిలబడుతుంది, ఎన్నో ప్రాణాలు నిలబడతాయి. అంతా లోకం కోసమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ తర్వాత మా తమ్ముడి భార్య, మా మరదలు గుర్తొచ్చింది. ఏటా ఒకసారి వాళ్ళింటికి వెళ్ళి, సభలో ఎవరిని ఎలా కడిగేశానో చెప్పేదాన్ని. ఆమె కూరలు తరుక్కుంటూ వినేది. ఇక ఏ ముఖం పెట్టుకుని వెళ్తాను? కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని లేచాను.

మధ్యాహ్నం సభ మొదలవగానే మైకు అడిగాను. అధ్యక్షురాలు ఇచ్చింది. "పొద్దున నేను చెప్పింది తప్పు" అన్నాను. ఉత్తరం చదివాను. ఎవరు రాశారో చెప్పలేదు, ఒక ఉద్యోగి అని మాత్రమే అన్నాను. "ఇది నా బీరువాలో తొమ్మిదేళ్ళు ఉంది. వారం వారం దుమ్ము దులిపాను. తెరవలేదు. మా తమ్ముడి చావుకు రెండు రోజుల నోటీసు సగం కారణం. మిగతా సగం ఈ చేతులు." మైకు పక్కన పెట్టి కూర్చున్నాను.

అప్పుడు కుర్చీ జరిగిన చప్పుడైంది. మఫ్లరాయన లేచి నిలబడ్డాడు. మెడలోంచి మఫ్లరు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ ఉద్యోగి నేనే" అన్నాడు. "జవాబు రాకపోతే మళ్ళీ రాయాల్సింది. రాయలేదు. ఆవిడ చెప్పిన సగంలో నాకూ వాటా ఉంది." నాలుగు సభల్లో అతను అన్ని మాటలు మాట్లాడడం అదే మొదటిసారి.

అటు తర్వాత రెండు గంటలు ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదు. పని జరిగింది. నేను రాసిన ఒప్పందంలో ప్రభుత్వాలు ఏం చేయాలో మాత్రమే ఉంది, మేం ఏం చేయాలో ఒక్క ముక్క లేదు. ఇప్పుడు చేర్చాం. కబురు ఏ మనిషి పేరు మీదా పంపకూడదు, ఆఫీసు పేరు మీదే పంపాలి. అందిన రోజే తెరవాలి. అందిందని మూడు రోజుల్లో జవాబు వెళ్ళాలి. జవాబు రాకపోతే పంపినవాళ్ళు ఊరుకోకూడదు, మళ్ళీ పంపాలి. ముప్ఫై ఒక్క దేశాలు ఆ సాయంత్రం సంతకం పెట్టాయి. మఫ్లరాయన పెట్టలేదు. "మా ప్రభుత్వాన్ని అడిగి చెప్తాను" అన్నాడు. ఈసారి ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్ళు మండలేదు. తిరిగి వెళ్ళాక అతన్ని ఏం చేస్తారో అతనికీ తెలియదు, నాకూ తెలియదు.

మర్నాడు పొద్దున్నే మరదలి ఊరికి రైలెక్కాను. బ్యాగులో ఆ ఉత్తరం, దాంతోపాటు మిగిలిన ఇరవై రెండు కవర్లు. ఎందుకు తీసుకెళ్ళానో చెప్పలేను, వదిలి రాబుద్ధి కాలేదు. సరిహద్దు దాటగానే నా ఫోను దానంతటదే గంట వెనక్కి జరిగింది. మా పట్టిక చెప్పినట్టే చక్కగా జరిగింది. ఎదుటి సీట్లో ముసలాయన తన చేతి గడియారం తిప్పుకుంటూ, "మీ ఫోనే నయమమ్మా, దానికి తెలుసు" అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

మరదలు బడిలో లైబ్రరీ చూసుకుంటుంది. ఆ రోజు సెలవు. మేడ మీద రెండు గదుల ఇల్లు, బాల్కనీలో తీగ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. తలుపు తీసి, "ఇదేంటి వదినా, చెప్పా పెట్టకుండా!" అని బ్యాగు అందుకుంది. నీళ్ళు ఇచ్చింది. నేను కూర్చోకుండానే ఉత్తరం తీసి ఆమె చేతిలో పెట్టాను.

"చదువు. తర్వాత నన్ను ఉండమంటే ఉంటాను, పొమ్మంటే పోతాను."

ఆమె నిలబడే చదివింది. కవరు తిప్పి తేదీ ముద్ర చూసింది, నా పొడి అక్షరాలు చూసింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. పెద్దాయన ఆచారం, ఎర్ర నాడా, శనివారాలు, అన్నీ చెప్పాను. "నేను ఈ ముడి విప్పి ఉంటే వాడు బతికేవాడే అమ్మాయ్" అన్నాను. తొమ్మిదేళ్ళ క్రితం రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆమె నా దగ్గరికి రాలేదు. ఓదార్చలేదు. లోపలి గదిలోకి వెళ్ళి, వచ్చేటప్పుడు ఒక వాచీ తెచ్చి బల్ల మీద పెట్టింది. మా తమ్ముడిది. కీ ఇచ్చే పాతకాలపు వాచీ. అది ఆమె దగ్గరుందని కూడా నాకు తెలియదు. టిక్కు టిక్కుమంటూ నడుస్తోంది. నాలుగున్నర చూపిస్తోంది. నా ఫోనులో మూడున్నర.

"గంట ముందుంది" అన్నాను.

"పాత టైము. ఆయన పోయాక బాగుచేయించి నేనే మళ్ళీ పాత టైముకి పెట్టాను. అప్పట్నుంచీ రోజూ కీ ఇస్తాను. ముళ్ళు మాత్రం కదపను." ఆమె కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "ఆ రోజు పొద్దున ఆయనకి గుర్తే లేదు వదినా. టైము మారిన సంగతే మర్చిపోయి గడ్డం గీసుకుంటున్నారు. వాచీ ఇక్కడే, ఈ బల్ల మీదే ఉంది. మళ్ళీ ఆఫీసుకి తప్పు టైముకి వెళ్ళి మాట పడతారేమో అని నేనే తీసి గంట వెనక్కి తిప్పాను. తిప్పానని చెప్పాను కూడా. 'మా అక్క వినిందంటే నీకు ఉద్యోగం ఇచ్చేస్తుంది' అని నవ్వారు."

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. వాడు మర్చిపోయి ఉంటే, వాచీ పాత టైములోనే ఉంటే, పాత మూడింటికే నదిలోకి దిగేవాడు. ఇంకో గంటకుగానీ గేటు తెరుచుకునేది కాదు. క్షేమంగా ఒడ్డెక్కి, ఇంటికొచ్చి, గంట ముందే వెళ్ళానని తనను తానే తిట్టుకునేవాడు. ఊళ్ళో అందరికంటే తప్పు టైములో ఉన్నవాడే ఆ రోజు బతికేవాడు.

"ప్రతి సభలో మీరు అంటారు కదా, మా తమ్ముడి గడియారం సరిగ్గానే ఉంది అని. పేపర్లో పెద్ద అక్షరాలతో వేస్తారు. బడికి వచ్చే పేపరు నేనే మడిచి పెట్టాలి. అది చదివిన ప్రతిసారీ, సరిగ్గా పెట్టింది నేనే కదా, నేనే కదా అనుకునేదాన్ని."

"నాతో ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఎట్లా చెప్పను? మీ కోపం నాకు తెలుసు. ఆ కోపం నా మీదికి తిరుగుతుందని భయం." బల్ల మీది ఉత్తరాన్ని నా వైపు జరిపింది. "ప్రపంచంలో ఉన్న ప్రభుత్వాలన్నిటికీ ఉత్తరాలు రాశారు వదినా. ముందే చెప్పండి, దాచకండి అని. ఆ రోజు పొద్దున ఈ ఇంట్లో ఏం జరిగిందని నన్ను ఒక్కసారి అడగలేదు."

అడిగితే ఏడుస్తుందేమో అనుకున్నాను, అందుకే అడగలేదు. పెద్దాయన కవర్లను ఎంత జాగ్రత్తగా దాచానో ఈ పిల్ల మనసునూ అంతే జాగ్రత్తగా ముట్టుకోకుండా ఉంచాను. రెండు చోట్లా గౌరవం అనే పేరు పెట్టుకున్నాను.

"నీ తప్పు లేదమ్మాయ్" అన్నాను.

"అది నాకూ తెలుసు. తెలిసినా పోదు. మీకు పోతుందా?" అంది. "మీ మీద నాకు కోపం వస్తోంది. ఈ కాగితం చూశాక వస్తోంది. రేపటికి తగ్గుతుందో లేదో తెలీదు. అబద్ధం చెప్పను. కానీ పొద్దుటి నుంచి ఏం తిన్నారు మీరు? లేవండి, చేతులు కడుక్కోండి."

ఇద్దరం తిన్నాం. ఎంగిలి గిన్నెలు సింకులో వేసి వచ్చి, బ్యాగులోంచి బయటికి పొడుచుకొచ్చిన కవర్ల వంక చూసింది. "ఇవేంటి?"

"మిగతావి. ఇంకా తెరవలేదు."

కత్తెర తెచ్చి నా ముందు పెట్టింది. ఒక్కొక్కటే కత్తిరించి నేను చదివాను, ఆమె ఒక నోటుపుస్తకంలో రాసింది. పదకొండు పుట్టినరోజు శుభాకాంక్షలు. త్వరగా కోలుకోమని నాలుగు. ఒక విద్యార్థి సందేహం. ఒకావిడ పాత స్నేహం గుర్తుచేస్తూ రాసిన నాలుగు పేజీలు, అది చదవకుండా మడిచి పక్కన పెట్టాను. ఐదు మాత్రం ప్రభుత్వాల నుంచి వచ్చినవి, గంట ముందుకనో వెనక్కనో. ఐదిటి తేదీలూ ఎప్పుడో దాటిపోయాయి. ఆ రోజుల్లో ఆయా దేశాల్లో ఎవరికి ఏమైందో మాకు తెలియదు. ఐదింటికీ జవాబు రాయాలి. ఆలస్యానికి క్షమించమని కాదు, ఆ రోజు మీ దగ్గర ఏం జరిగింది అని అడుగుతూ రాయాలి.

అన్నీ అయ్యాక మరదలు వాచీ తీసుకుని నా ముందుకు జరిపింది.

"మీ పట్టిక ప్రకారం ఇప్పుడు మా ఊళ్ళో ఎంత వదినా?"

"ఐదుంబావు."

వాచీలో ఆరుంబావు. "మీరే తిప్పండి. నా చేత్తో నేను మళ్ళీ వెనక్కి తిప్పలేను" అంది.

ఇరవై రెండేళ్ళుగా దేశాల టైములు మార్చి రాసిన దాన్ని. వాచీ పక్కనున్న ఆ చిన్న పిడి రెండుసార్లు నా వేళ్ళలోంచి జారింది. ఆమె ఒక చేత్తో వాచీని, రెండో చేత్తో నా మణికట్టును కదలకుండా పట్టుకుంది. పిడి లాగి, ముల్లును గంట వెనక్కి తిప్పాను.